పర్మిట్ మీద యజమాని పేరు

నేను 2006 సెప్టెంబరులో ఐర్లండ్ వెళ్లాను. మాది తెనాలి దగ్గర పల్లె. హైదరాబాదులో కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాక, డబ్లిన్‌లో ఒక కంపెనీ వర్క్ పర్మిట్ తీసి నన్ను పిలిపించుకుంది. ఆ రోజుల్లో ఐర్లండ్‌కు పనివాళ్లు చాలేవారు కాదు. నిరుద్యోగం నూటికి అయిదు లోపే ఉండేది. ఎటు చూసినా క్రేన్లు, సగం కట్టిన ఇళ్లు. 2004లో పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరాక అక్కణ్ణించి జనం పెద్ద సంఖ్యలో వచ్చి కుదురుకున్నారు. ఆసుపత్రికి వెళితే కేరళ నర్సమ్మలు కనిపించేవారు. ఏడాది తిరిగాక నా భార్యనూ పాపనూ తెచ్చుకున్నాను. అక్కడే స్థిరపడదామనుకున్నాం.

మూడేళ్లు నిండకముందే ఆ దేశం తలకిందులైంది. ఆ కాలంలో నాకు ఎదురైనదాన్ని ఉన్నదున్నట్టు చెబుతాను. ఉద్యోగం పోవడం ఎవరికైనా కష్టమే. కాని బతుకుతెరువుతో పాటు ఆ దేశంలో ఉండే హక్కు కూడా ఒక యజమాని పేరుకు ముడిపడి ఉంటే ఆ కష్టం వేరుగా ఉంటుంది. మాంద్యం వచ్చినప్పుడు అలాంటి మనిషిని ఎంతకైనా వంచవచ్చు. నన్ను వంచారు కాబట్టి నాకు తెలుసు.

బ్యాంకులు ఇళ్ల వ్యాపారులకు లెక్కలేకుండా అప్పులిచ్చాయి. ఇళ్ల ధరలు పడగానే ఆ అప్పులు మునిగాయి. 2008 సెప్టెంబరు చివర్లో ఒక రాత్రికి రాత్రే ప్రభుత్వం పెద్ద బ్యాంకుల బాకీలన్నిటికీ తానే హామీగా నిలబడింది. 2009 జనవరిలో ఆంగ్లో ఐరిష్ బ్యాంకును జాతీయం చేశారు. అదే నెలలో డెల్ కంపెనీ లిమరిక్‌లోని తయారీని పోలండ్‌లోని వూచ్ నగరానికి తరలిస్తామని ప్రకటించింది. పోయిన ఉద్యోగాలు 1,900. వాటర్‌ఫర్డ్ గాజు ఫ్యాక్టరీ మూతపడితే కార్మికులు లోపలికి వెళ్లి బైఠాయించారు. ఫిబ్రవరి 21న డబ్లిన్ వీధుల్లో లక్షమందికి పైగా ఊరేగారు. టీచర్లు, నర్సులు, బస్సు డ్రైవర్లు, చిన్నపిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు ఉన్నారందులో. మా ఆఫీసు నుంచీ కొందరు వెళ్లారు. నేను వెళ్లలేదు. పర్మిట్ మీద ఉన్నవాడు జెండా పట్టుకుంటే ఏమవుతుందోనన్న భయం నాకు అప్పటికే పట్టుకుంది.

మా కంపెనీలో ముందు కాంట్రాక్టు వాళ్లను పంపించేశారు. తర్వాత అందరి జీతాల్లో కోత పెట్టారు. ఉద్యోగాలు నిలబెట్టడానికే కోత అన్నారు. జూన్‌లో మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. చట్టప్రకారం ఇచ్చే రిడండెన్సీ సొమ్ముకు ఒక లెక్క ఉంది. పనిచేసిన ఏడాదికి రెండు వారాల జీతం, దానిపైన ఇంకో వారం. వారం జీతం ఎంతున్నా 600 యూరోలకు మించి లెక్కలోకి తీసుకోరు. నా సర్వీసుకు సుమారు ఆరున్నర వారాలు, అంటే 3,900 యూరోలకు అటూ ఇటూ. అదీ, ఉద్యోగం మానినట్టు అప్పట్లో ఇచ్చే పీ45 కాగితం, రెండూ ఒకే కవరులో పెట్టి చేతికిచ్చారు.

మా వరుసలో పక్కపక్కన కూర్చునేవాళ్లం ముగ్గురం ఉండేవాళ్లం. ఒకతను ఐరిష్, ఒకతను పోలండ్ వాడు, నేను. ముగ్గురిదీ ఒకే పని. ఒకే పూట తీసేశారు. కాని మర్నాటి నుంచి మాకు వర్తించిన చట్టాలు వేరు.

ఐరిష్ అతనికి ఇంటి అప్పు మెడకు చుట్టుకుంది. కొన్న ఇల్లు ఇప్పుడు అమ్మినా అప్పు తీరదు. ఆ బాధ చిన్నదని నేననను. కానీ అతను డోల్ ఆఫీసుకు వెళితే వారానికి 204 యూరోల నిరుద్యోగ భృతి వచ్చింది. తన ఊరు, తన వాళ్లు ఉన్నారు. తర్వాత ఏడాది ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు, పెర్త్‌కు. వెళ్లాలని అతనే నిర్ణయించుకున్నాడు. పోలండ్ అతను యూరోపియన్ యూనియన్ పౌరుడు. ఉండొచ్చు, పోవచ్చు, మళ్లీ రావొచ్చు. తన ఐరిష్ భృతిని మూడు నెలలపాటు పోలండ్‌లో కూర్చుని తీసుకుంటూ అక్కడ పని వెతుక్కునే వీలు కూడా ఉంది. అతను అదే చేశాడు.

నాకు ఇచ్చిన గడువు మూడు నెలలు. ఆ లోపల ఇంకో యజమాని నా పేరున కొత్త పర్మిట్ తీయాలి. లేకపోతే కుటుంబంతో సహా దేశం విడిచి వెళ్లాలి. ఆ ఇద్దరూ కట్టినట్టే నేనూ మూడేళ్లు పన్నులు కట్టాను, పీఆర్‌ఎస్‌ఐ అనే సామాజిక బీమా కట్టాను. భృతికి దరఖాస్తు చేయబోతే కౌంటర్లో ఒకటే ప్రశ్న. పనికి సిద్ధంగా ఉన్నవారికే భృతి, మీకు పనిచేసే అనుమతి లేనప్పుడు సిద్ధంగా ఉన్నట్టు ఎలా రాస్తారు? ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాక ఆలస్యంగా మంజూరైంది. అది తీసుకోవడానికీ భయపడ్డాం. ప్రభుత్వ సాయం తీసుకున్నవారికి తర్వాత పౌరసత్వం ఇవ్వరన్న మాట మనవాళ్లలో గట్టిగా ఉండేది. కొందరు ఆ భయంతోనే దరఖాస్తు పెట్టకుండా దాచుకున్నది తిని బతికారు.

ఇంటికి వచ్చి చెప్పినప్పుడు నా భార్య ఏడవలేదు. ‘ఏవండీ, పాపకు సెప్టెంబరులో బడి మొదలవుతుంది. చేర్పించాలా వద్దా? అది చెప్పండి’ అంది. మూడు నెలల గడువు ముగిసేది కూడా సెప్టెంబరులోనే. నా దగ్గర జవాబు లేదు. యూనిఫాం కొనాలో వద్దో తెలియని స్థితి అది. అప్పు, అద్దె, జీతం గురించి ఎవరితోనైనా మాట్లాడవచ్చు. నాలుగేళ్ల పిల్ల ‘నా బడి ఏది నాన్నా’ అంటే ఏం చెప్పాలి?

తిరిగి వెళ్లిపోవచ్చు కదా అని అడిగేవారున్నారు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత లెక్కలు తారుమారు చేశానని ఒప్పుకున్నాక హైదరాబాదు ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి. సత్యం వాళ్లే వేలమంది పనులు వెతుక్కుంటున్నారు. కొత్తవాళ్లను తీసుకునే కంపెనీ లేదు. ఊళ్లో ఇంటి అప్పు నేను పంపే యూరోల మీదే నడుస్తోంది. మా నాన్న ఫోన్ చేసి, ‘అబ్బాయ్, టీవీలో ఏదేదో చెబుతున్నారు, మీ కంపెనీకేం కాలేదు కదా?’ అని అడిగాడు. ఏం కాలేదన్నాను. ఆయన గుండె జబ్బు మనిషి.

పని వెతకడం మొదలుపెట్టాను. శుక్రవారం ఐరిష్ టైమ్స్‌లో ఉద్యోగాల పేజీలు వారం వారం పలచబడుతున్నాయి. నిరుద్యోగ భృతి రిజిస్టరులో పేర్లు ఆ ఏడాది నాలుగు లక్షలు దాటాయి. మొత్తం నలభై అయిదు లక్షల జనాభా ఉన్న దేశమది. కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసేవారు. అనుభవం అడిగేవారు, జీతం అడిగేవారు, చివర్లో ‘పర్మిట్ కావాలా?’ అనేవారు. అవునంటే మాట అక్కడితో తెగిపోయేది. జూన్‌లోనే ప్రభుత్వం నిబంధనలు బిగించింది. బయటి దేశపు మనిషిని కొత్తగా తీసుకోవాలంటే ముందు ఎనిమిది వారాలు ఫాస్ అనే ఉపాధి సంస్థ ద్వారా ప్రకటన ఇచ్చి, యూరప్‌లో ఎవరూ దొరకలేదని చూపించాలి. మాలాంటి అప్పటికే ఉన్నవారికి ఏది వర్తిస్తుంది, ఏది వర్తించదు అని ఆ నిబంధనలు చదివే ఓపిక ఏ యజమానికుంది? పర్మిట్ అనే మాట వినగానే దరఖాస్తు పక్కన పెట్టేసేవారు. వాళ్లనీ తప్పుపట్టలేను. ఒక ఖాళీకి వందలమంది వచ్చి నిలబడుతున్న రోజులవి.

అప్పుడు తెలిసింది మైగ్రెంట్ రైట్స్ సెంటర్ ఐర్లండ్ గురించి. పర్మిట్ మీద ఉన్న కూలీలు, వంటవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు అక్కడికి వచ్చేవారు. ఫిలిప్పీన్స్, బ్రెజిల్, బంగ్లాదేశ్, పంజాబ్, ఎక్కడెక్కడివాళ్లో. ఉద్యోగం పోయిన తప్పు పనివాడిది కానప్పుడు దేశం నుంచి వెళ్లగొట్టడం అన్యాయమని వాళ్లు ప్రభుత్వంతో పోరాడుతున్నారు. ఆగస్టు చివర్లో ఆ పోరాటం ఫలించింది. గడువు మూడు నెలల నుంచి ఆరు నెలలకు పెంచారు. పర్మిట్ మీద వరుసగా అయిదేళ్లు పనిచేసినవారికి ఇకపై పర్మిటే అక్కర్లేదన్నారు. నాకు మూడేళ్లే అయింది కాబట్టి రెండోది అందలేదు. మొదటిది మాత్రం గడువు ముగియడానికి కొద్ది రోజుల ముందు అందింది. మర్నాడే పాపకు యూనిఫాం కొన్నాం.

చలికాలం వచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోవచ్చింది. రెస్టారెంట్లలో చేతికి నగదు ఇచ్చి, లెక్కలో లేకుండా పని చేయించుకునేవారు ఉన్నారు. అప్పుడు కనీస వేతనం గంటకు 8.65 యూరోలు. అందులో సగం ఇస్తామనేవారు. వారానికి 20 గంటల పనికి మాత్రమే అనుమతి ఉన్న మన విద్యార్థులు కొందరు ఆ వంటిళ్లలో రాత్రిళ్లు గడిపారు. నేను వెళ్లలేదు. అనుమతి లేకుండా పనిచేస్తూ పట్టుబడితే మళ్లీ పర్మిట్ రాదు.

గడువు దగ్గర పడ్డాక ఒక చిన్న కంపెనీ యజమాని పర్మిట్ తీస్తానన్నాడు. దుకాణాలకు బిల్లింగ్ మిషన్లు, కంప్యూటర్లు బిగించి మరమ్మతు చేసే కంపెనీ. ఆయన ఏ దేశం వాడన్నది ఇక్కడ ముఖ్యం కాదు. షరతులు మాత్రం చెబుతాను. పర్మిట్‌కు కావలసిన కనీస జీతం ఏడాదికి 30,000 యూరోలు కాగితం మీద చూపిస్తాడు. ప్రతి నెలా అది నా బ్యాంకు ఖాతాలో పడుతుంది. పడిన మర్నాడు అందులో 500 యూరోలు నగదు తీసి ఆయన చేతికివ్వాలి. పర్మిట్ ఫీజు 1,000 యూరోలూ నేనే పెట్టుకోవాలి. అప్పట్లో అమల్లో ఉన్న 2006 నాటి ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్స్ చట్టం ప్రకారం పర్మిట్ ఖర్చును పనివాడి జీతం నుంచి రాబట్టడం నేరం. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. నేను కాదంటే ఒప్పుకునేవాళ్లు బయట ఎందరో ఉన్నారని కూడా ఇద్దరికీ తెలుసు. ఒప్పుకున్నాను.

దాదాపు రెండేళ్లు అలా పనిచేశాను. పర్మిట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్ అని ఉంటుంది. చేసేది దుకాణాలు మూసేశాక రాత్రిపూట కేబుళ్లు లాగడం, సామాను మోయడం. వారానికి సగటున 48 గంటలకు మించి పని చేయించకూడదని యూరప్ చట్టం. అంతకు మించి ఎంత చేశానో ఏ రిజిస్టరులోనూ రాయలేదు. సెలవు అడిగితే ‘పర్మిట్ రెన్యువల్ సంగతి గుర్తుందా?’ అనేవాడు. ఆయన ఎన్నడూ గొంతు పెంచలేదు. ఆ ఒక్క మాట చాలేది.

2011 జనవరిలో యూనివర్సల్ సోషల్ చార్జ్ అనే కొత్త పన్ను వచ్చింది. నా కాగితపు జీతం మొత్తం మీద ఆ పన్ను, మామూలు ఆదాయపు పన్ను పట్టుకునేవారు. ఆయన చేతికి తిరిగిచ్చిన 500కు కూడా పన్ను కట్టింది నేనే. అద్దె పోను మిగిలినదాంట్లో ముగ్గురం తినాలి, ఊరికి పంపాలి. నా భార్య ఆ రెండు చలికాలాలూ పాప ఉన్న గదిలోనే హీటరు వేసి, మిగతా ఇల్లు చల్లగా ఉంచేసింది.

2010 నవంబరులో ఐర్లండ్ అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర, యూరప్ దగ్గర చేయి చాచింది. ఆ సాయం లెక్క 85 బిలియన్ యూరోలు. ద్రవ్యనిధి తరఫున వచ్చిన బృందానికి నాయకుడు అజయ్ చోప్రా, భారతీయుడు. డబ్లిన్ వీధిలో ఒక బిచ్చగాడి పక్క నుంచి ఆయన నడిచి వెళుతున్న ఫొటో పత్రికల్లో పడింది. ఆ వారంలో నేను బిల్లింగ్ మిషన్ బాగుచేయడానికి వెళ్లిన దుకాణంలో ఒక ముసలాయన ఆ పత్రిక చూపించి, ‘మీ దేశం ఆయనేనా?’ అన్నాడు. కోపంగా అనలేదు. అవునన్నాను. ఆయన కొడుకూ కోడలూ కెనడా వెళ్లిపోతున్నారట. మనవరాలిని మళ్లీ ఎప్పుడు చూస్తానో అన్నాడు. ఆయన బాధ, నా బాధ ఒకే చోటి నుంచి వచ్చాయి. బ్యాంకులు చేసిన అప్పులు తీర్చింది ఆ ముసలాయన పింఛను, ఆయన కొడుకు ఉద్యోగం, నాలాంటివాళ్ల జీతం. సాయం షరతుల్లో భాగంగా 2011 ఫిబ్రవరిలో కనీస వేతనాన్ని గంటకు ఒక యూరో తగ్గించారు. ప్రభుత్వం మారాక జూలైలో మళ్లీ పెంచారు. ఆ అయిదు నెలల్లో హోటళ్లు ఊడ్చే ఆడవాళ్ల చేతిలోంచి పోయిన యూరోలు ఎవరూ తిరిగివ్వలేదు.

2011 సెప్టెంబరుకు నాకు అయిదేళ్లు నిండాయి. ఆ ఏడాది చివర్లో పర్మిట్ అవసరం లేని స్టాంప్ 4 అనే నివాస అనుమతి వచ్చింది. కార్డు చేతికందిన వారంలోనే ఆ పని మానేశాను. ఆ వారమే, పనివాళ్ల ఫిర్యాదులు విచారించే హక్కుల కమిషనర్‌కు ఫిర్యాదు రాశాను. అక్కడ ఇంకో గోడ తగిలింది. జీతాల చట్టం కింద ఫిర్యాదు అన్యాయం జరిగిన ఆరు నెలల లోపు చేయాలి. నేను నోరు తెరిచే స్వేచ్ఛ వచ్చేసరికి, అంతకు ముందు నెలల డబ్బుకు గడువు దాటిపోయింది. పనివాడికి భయం రెండేళ్లు ఉంటే, అతనికి చట్టమిచ్చే గడువు ఆరు నెలలు. జీతం పడిన మర్నాడే 500 యూరోలు నగదు తీసినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్లలో నెలనెలా ఉంది. అది చూపించాక విచారణ దాకా రాకుండానే ఆ యజమాని చివరి ఆరు నెలల సొమ్ము కట్టాడు. మిగతాది పోయింది.

నాకు ఆ మాత్రమైనా దక్కింది. 2012 ఆగస్టులో ఐర్లండ్ హైకోర్టు ఒక కేసులో తీర్పు చెప్పింది. పాకిస్తాన్ నుంచి వచ్చి రెస్టారెంటులో ఏళ్ల తరబడి వంట చేసిన మనిషిది ఆ కేసు. అతని పర్మిట్‌ను యజమాని రెన్యువల్ చేయించలేదు. అతనికి రావలసిన 92,000 యూరోలకు పైగా ఇవ్వాలని కింది స్థాయిలో తీర్పు వచ్చింది. హైకోర్టు దాన్ని కొట్టేసింది. పర్మిట్ లేని ఒప్పందం చట్టం దృష్టిలో ఒప్పందమే కాదు కాబట్టి జీతం అడిగే హక్కూ లేదని చెప్పాల్సి వచ్చింది. ఈ ఫలితం న్యాయంగా లేదని, చట్టసభ ఆలోచించాలని న్యాయమూర్తే సూచించారు. 2014లో చట్టం సవరించారు. 2015లో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పునిచ్చింది. ఆ కేసు గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా గడువు లెక్క ఒక్క నెల తప్పి ఉంటే నేనూ అతని స్థానంలోనే నిలబడేవాణ్ణి.

ఇప్పుడు ఆ దేశంలో పరిస్థితి మారింది. 2024లో వచ్చిన కొత్త పర్మిట్ చట్టం ప్రకారం మొదటి ఉద్యోగంలో తొమ్మిది నెలలు గడిచాక యజమానిని మార్చుకోవచ్చు. ఇది మంచి అడుగు. కాని తొమ్మిది నెలలు కూడా భయపడే మనిషికి చిన్న కాలం కాదు. మార్చుకోవాలన్నా తీసుకునే ఇంకో యజమాని ఉండాలి. మాంద్యంలో దొరకనిది అదే.

ఈ మధ్య డబ్లిన్‌లో తెలుగు విద్యార్థులు బాగా పెరిగారు. చదువు అప్పులు లక్షల్లో ఉన్నాయి. పెద్ద టెక్ కంపెనీలు మనుషుల్ని తీసేసినప్పుడల్లా నాకు ఫోన్లు వస్తాయి. ‘అన్నా, జీతంలో కొంత తిరిగిస్తే పర్మిట్ తీస్తామంటున్నారు, ఏం చేయమంటావ్?’ అని అడుగుతారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడా చెబుతాను. ప్రతి జీతం చీటీ, ప్రతి బ్యాంకు స్టేట్‌మెంటు, పనిచేసిన ప్రతి గంట రాసి దాచుకోండి. ఆరు నెలల గడువును మనసులో ఉంచుకోండి. వలస కార్మికుల సంఘాల దగ్గరకు మొదటి వారమే వెళ్లండి, చివరి వారం కాదు. భృతికి మీరు డబ్బు కట్టారు, అడగడానికి సిగ్గుపడకండి.

ప్రభుత్వాలు చేయవలసింది కూడా ఉంది. పర్మిట్ మీద పనివాడి పేరు మాత్రమే ఉండాలి. యజమాని మారితే మారనివ్వాలి, కంపెనీ మూతపడితే మనిషిని వెళ్లగొట్టకూడదు. పనిచేయడానికి పిలిపించుకున్న దేశం, పని పోయిన నాడు కూడా అతణ్ణి మనిషిగా లెక్కించాలి. ఇది దయ కోరి అడుగుతున్నది కాదు. మేము కట్టిన పన్నుల లెక్క వాళ్ల దగ్గరే ఉంది.